42 లక్షల ఆఫర్‌లో నిజంగా పెరిగేది ఎంత? సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్ జీతం గురించి సలహా కావాలి

ప్రశ్న: మియాపూర్_పీఎం

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక ఐటీ సేవల కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మొత్తం అనుభవం పదిహేనేళ్లు, అందులో చివరి ఐదేళ్లు సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఉన్నాను. ప్రస్తుతం నా సీటీసీ (కంపెనీ ఏడాదికి నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 34 లక్షలు. అందులో పది శాతం, అంటే 3,40,000 రూపాయలు వేరియబుల్ (ఫలితాలను బట్టి వచ్చే భాగం). గత శుక్రవారం ఒక విదేశీ బ్యాంకుకు చెందిన జీసీసీ (ఆ బ్యాంకు తన పనికోసమే ఇక్కడ నడిపే సొంత కేంద్రం) నుంచి 42 లక్షల ఆఫర్ వచ్చింది. అందులో ఇరవై శాతం వేరియబుల్. ఇది కాక, చేరిన నెలలో 3 లక్షల జాయినింగ్ బోనస్ ఇస్తారు, ఏడాదిలోపు మానేస్తే దాన్ని తిరిగి చెల్లించాలి.

నేను మారాలనుకోవడానికి కారణం కూడా చెప్పాలి. మా ప్రాజెక్టు బడ్జెట్ షీటు నేనే చూస్తాను. అందులో ఎవరి పేరూ ఉండదు, గ్రేడు వారీగా సగటు ఖర్చు మాత్రమే ఉంటుంది. కానీ మా గ్రేడులో ఉన్నది ఇద్దరమే. సగటు తెలిసి, నా జీతం నాకు తెలిసినప్పుడు రెండో వ్యక్తి జీతం లెక్కగట్టడానికి ఎంతో సేపు పట్టదు. నాకన్నా రెండేళ్లు తక్కువ అనుభవంతో, నిరుడు బయటి నుంచి వచ్చిన సహోద్యోగికి నాకన్నా దాదాపు 6 లక్షలు ఎక్కువ ఇస్తున్నారు. ఆయన మీద నాకు కోపమేమీ లేదు, మంచి పనిమంతుడు. కానీ పదకొండేళ్లు ఒకే చోట ఉన్నందుకు నేను తక్కువకు పనిచేస్తున్నానన్న బాధ మాత్రం రోజూ ఉంది.

ఈ ఆఫర్‌లో అసలు పెరుగుదల ఎంత? మన స్థాయి వాళ్ల జీతం దేన్ని బట్టి నిర్ణయమవుతుంది? పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) చేస్తే ఏమైనా తేడా ఉంటుందా? పది రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇక్కడ నోటీసు 90 రోజులు.

జవాబు: జీతాల_లెక్క

నేను చాలా ఏళ్లు జీతభత్యాల విభాగంలో పనిచేశాను కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. 34 నుంచి 42 అంటే ఇరవైమూడున్నర శాతం హైక్ అని మీకు చెప్పి ఉంటారు. రెండు చోట్లా వేరియబుల్ తీసేసి చూడండి. ఇప్పుడు మీ ఫిక్స్‌డ్ 30,60,000, అక్కడ 33,60,000. అంటే మీకు ఖాయంగా పెరిగేది 3 లక్షలు, పది శాతానికి కూడా కొంచెం తక్కువే. మిగతా 5 లక్షలు కంపెనీ ఫలితాలు, మీ రేటింగు, మీ మేనేజరు అభిప్రాయం అన్నీ కలిసొస్తేనే వస్తాయి.

ఇక చేతికి వచ్చే మొత్తం. ఆఫర్ లెటర్ చివర, జీతం ఏయే భాగాలుగా ఉందో చూపే అనెక్షర్ అని ఒక పేజీ ఉంటుంది, చదవాల్సింది దాన్నే. మీ అనెక్షర్ నేను చూడలేదు కనుక మామూలుగా ఉండే అమరికతో లెక్క వేస్తున్నాను. ఫిక్స్‌డ్ 33,60,000లో సగం, అంటే 16,80,000 బేసిక్ అనుకుందాం. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 6,72,000. కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, 2,01,600. గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం, 80,808. ఆరోగ్య బీమా ప్రీమియం ఒక 25,000 అనుకుంటే, మిగిలిన 7,00,592 స్పెషల్ అలవెన్సు. ఇందులో పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా మీ నెల జీతంలోకి రావు. వచ్చేది 30,52,592, అంటే నెలకు 2,54,000 చిల్లర. అందులోంచి మీ వాటా పీఎఫ్ 16,800, కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా సెస్సుతో కలిపి ఆదాయపు పన్ను నెలకు సుమారు 41,000, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతాయి. చివరికి బ్యాంకులో పడేది దాదాపు 1,96,000. 42 లక్షలను పన్నెండుతో భాగించి నెలకు మూడున్నర లక్షలు అనుకుని ఇంటి ఈఎంఐ పెట్టుకున్నవాళ్లను నేను చూశాను. అలా చేయకండి. పీఎఫ్ మీ సొమ్మే కాబట్టి అది నష్టం కాదు, కానీ నెల ఖర్చులకు పనికిరాదు.

గ్రాట్యుటీ సంగతి వేరు. ఇప్పటి కంపెనీలో పదకొండేళ్లు నిండాయి కనుక, చివరి నెల బేసిక్‌ను 15తో గుణించి 26తో భాగించి, ఆ వచ్చినదాన్ని 11తో గుణించండి. మీ బేసిక్ నెలకు 1,05,000 ఉంటే అది 6,66,000కు పైనే వస్తుంది, 20 లక్షల వరకు దానికి పన్ను లేదు. కొత్త కంపెనీలో మాత్రం ఐదేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, గ్రాట్యుటీ లాంటివి లెక్కగట్టే వేతనం మొత్తం జీతంలో సగానికి తగ్గకూడదు కాబట్టి, అలవెన్సులు పెంచి బేసిక్‌ను అడుగున ఉంచే పాత అమరికలు మారుతున్నాయి. ఇవాళ అనెక్షర్‌లో బేసిక్ మరీ తక్కువగా కనబడితే ఎందుకని తప్పక అడగండి.

జాయినింగ్ బోనస్ విషయంలో ఒక్క మాట. తిరిగి చెల్లించాల్సి వస్తే పన్నుకు ముందరి 3 లక్షలా, లేక మీ చేతికి వచ్చినంతేనా అన్నది లెటర్‌లో ఉండాలి. ఫిక్స్‌డ్ వాటా పెంచమని అడగండి, మొత్తం 42 అలాగే ఉన్నా ఫర్వాలేదు. ఆ మార్పుకు ఒప్పుకోవడం హెచ్‌ఆర్‌కు సులువు, ఎందుకంటే సీటీసీ మారదు.

జవాబు: డెలివరీ_గచ్చిబౌలి

మీ రెండో ప్రశ్నకు నా జవాబు: మన స్థాయిలో జీతాన్ని అనుభవం కన్నా, మన చేతిలో ఎవరి డబ్బు ఎంత ఉందన్నదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. డెలివరీ హెడ్‌గా నేను పదిమందికి పైగా ప్రాజెక్ట్ మేనేజర్ల ఇంక్రిమెంట్ల మీద సంతకం చేశాను, కనుక లోపలి సంగతి చెబుతాను.

సేవల కంపెనీలో మొదటి ప్రశ్న, మీరు బిల్లబులా (అంటే మీ గంటలకు క్లయింటు డబ్బిస్తాడా) కాదా అన్నది. పనిగంటల లెక్కన బిల్లు వేసే టైమ్ అండ్ మెటీరియల్ కాంట్రాక్టులో చాలామంది క్లయింట్లు డెవలపర్ల గంటలకు డబ్బిస్తారు కానీ మేనేజరు గంటలకు ఇవ్వరు. అప్పుడు మీ జీతం మొత్తం ఆ అకౌంటు మార్జిన్‌లోంచి పోతుంది. నలభైమంది జట్టు, గంటకు 28 డాలర్ల చొప్పున నెలకు 160 గంటలు అనుకుంటే నెల బిల్లు 1,79,200 డాలర్లు. అందులో మీరు ఖర్చు కిందే కనబడతారు. అదే మొత్తం పనికి ముందే ఒక ధర ఖరారు చేసే ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో అయితే అంచనా తప్పితే నష్టం కంపెనీది, గడువులో ముగిస్తే లాభం కంపెనీది. ఆ లాభనష్టాల షీటు మీద ఎవరి పేరు ఉందో వాళ్ల మాటకు ఇంక్రిమెంట్ల సమయంలో బరువు ఉంటుంది. నలభైమందిని నడిపినవాడి కన్నా, పన్నెండుమందితో ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టును మార్జిన్ తగ్గకుండా ముగించినవాడికి ఎక్కువ ఇచ్చిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి. కాబట్టి ఇంటర్వ్యూల్లో జట్టు పరిమాణం ఒక్కటే చెప్పకండి. ఎంత బడ్జెట్ చూశారు, ఛేంజ్ రిక్వెస్టులు (ఒప్పందంలో లేని అదనపు పనులు) రాబట్టి ఎంత ఆదాయం తెచ్చారు, ఎక్కడ కారిపోతున్న డబ్బును ఆపారు, ఇవి చెప్పండి.

జీసీసీ లెక్క వేరు. అది మాతృసంస్థకే పనిచేసి, తన ఖర్చు మీద కొంత మార్జిన్ కలిపి దానికే బిల్లు వేస్తుంది. అక్కడ మీరు బిల్లబులా అన్న ప్రశ్న రాదు. బయటి సంస్థల జీతాల సర్వేలు కొనుక్కుని, మార్కెట్ మధ్యస్థానికి ఎక్కడ నిలబడాలో పాలసీగా నిర్ణయించుకుంటారు. ప్రతి గ్రేడుకూ ఒక బ్యాండు, అంటే జీతం పరిధి ఉంటుంది. మిమ్మల్ని ఆ బ్యాండులో ఎక్కడ పెట్టారో అడగండి. పైఅంచుకు దగ్గరగా ఉంటే వచ్చే రెండు మూడేళ్లు ఇంక్రిమెంట్లు సన్నగా ఉంటాయి, కింది సగంలో ఉంటే పెరగడానికి చోటు ఉంటుంది. నేను చూసిన ఆఫర్లలో పదిహేనేళ్ల అనుభవానికి సేవల కంపెనీలు 28 నుంచి 40 లక్షల మధ్య, జీసీసీలు 38 నుంచి 55 లక్షల మధ్య ఇచ్చాయి. ఇది నా అనుభవం మాత్రమే, మార్కెట్ సగటు అనుకోవద్దు.

మీ సహోద్యోగి విషయం. మీకు అన్యాయం జరిగిందన్నది నిజమే, కానీ ఎవరో పనిగట్టుకుని చేసింది కాదు. లోపల ఉన్నవాళ్లకు ఏడాదికి ఇంత శాతం అని ఒక కుండ ఇస్తారు, దాన్ని అందరికీ పంచాలి. బయటి నుంచి వచ్చేవాడికి ఆ కుండతో సంబంధం లేదు, అతని జీతం ఆనాటి మార్కెట్ ధరను బట్టి ఉంటుంది. ఐదారేళ్లు గడిచేసరికి తేడా ఇంత అవుతుంది. ఒక మేనేజరు ఇలాగే నా దగ్గరికి వచ్చి నిలదీసినప్పుడు, నా చేతిలో ఉన్న కుండలోంచి ఆయనకు ఇవ్వగలిగింది చాలా తక్కువ. ఆయన రాజీనామా చేశాక మాత్రం, నిలుపుకోవడానికి అడిగినంత మంజూరైంది. అది చూసి నాకే సిగ్గేసింది.

పీఎంపీ గురించి: డిగ్రీ ఉన్నవాళ్లకు 36 నెలల ప్రాజెక్టు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి, తర్వాత మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకుంటూనే ఉన్నామని చూపే యూనిట్లు) చూపాలి. మీ రెజ్యూమే వడపోతలో నిలబడటానికి అది పనికొస్తుంది. ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు అంకె మార్చదు. మీకు ఇప్పుడు తొందరేమీ లేదు.

జవాబు: తిరిగివచ్చిన_మేనేజర్

పై జవాబులన్నీ నిజమే, ఇంకొకటి చేర్చాలి. మన జీతాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది పాత జీతం. రెండో పాప పుట్టినప్పుడు నేను 26 వారాల ప్రసూతి సెలవు తీసుకున్నాను. చట్టం ప్రకారం సెలవు జీతం పూర్తిగా ఇచ్చారు. కానీ ఆ ఏడాది సగమే పనిచేశానని రేటింగు మధ్యస్థంగా ఇచ్చి, వేరియబుల్‌లోనూ ఇంక్రిమెంట్‌లోనూ కోశారు. ఆ ఒక్క ఏడాది తగ్గుదల తర్వాతి ప్రతి ఇంక్రిమెంట్‌కూ పునాది అయింది, కంపెనీ మారినప్పుడూ వెంట వచ్చింది. ఫోనులో రిక్రూటరు అడిగే మొదటి ప్రశ్న, "మేడమ్, మీ కరెంట్ సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత?" అన్నదే కదా.

గత మార్పులో నేను జవాబు మార్చాను. "ఈ పోస్టుకు మీ బ్యాండు ఎంతో చెప్పండి, అందులో నేను ఎక్కడ సరిపోతానో మాట్లాడుకుందాం" అన్నాను. ముగ్గురిలో ఇద్దరు చెప్పారు. మూడో వ్యక్తి కట్ చేశారు, పోనివ్వండి. పే స్లిప్పులు ఎలాగూ చివర్లో అడుగుతారు, అబద్ధం చెప్పకూడదు. కానీ బేరం నా పాత జీతం దగ్గర కాకుండా వాళ్ల బ్యాండు దగ్గర మొదలైంది. మీరూ పదకొండేళ్ల పాత జీతాన్ని మోస్తున్నారు, మీకూ ఇదే వర్తిస్తుంది.

జవాబు: డాలస్_నుంచి

అమెరికా మాట ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా. ఇక్కడి కార్మిక గణాంకాల బ్యూరో ప్రకారం 2024 మేలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ స్పెషలిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 1,00,750 డాలర్లు. సీనియర్లకు అంతకన్నా ఎక్కువే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కానీ ఫెడరల్ పన్ను కాక సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం పోతాయి. పైన అక్కగారు చెప్పిన బ్యాండు మాట ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో చట్టమే: కాలిఫోర్నియా, కొలరాడోల్లో ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి రాయాలి. అయితే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ (నిపుణుల పని వీసా) పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఇండియా నుంచి కొత్తగా మేనేజరును పిలిపించడానికి కంపెనీలు వెనకాడుతున్నాయి. ఈ ఆఫర్‌ను దాంతో పోల్చుకోకండి.

జవాబు: దుబాయ్_సైట్

నాది నిర్మాణ రంగం, ఐటీ కాదు. కానీ బేసిక్ గురించిన మాట చూసి రాయాలనిపించింది. యూఏఈలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి మావాళ్లు మొత్తం ప్యాకేజీ చూసి సంతోషపడతారు. సర్వీసు ముగిశాక వచ్చే గ్రాట్యుటీ మాత్రం బేసిక్ మీదే: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులు. నెలకు 30,000 దిర్హాముల ప్యాకేజీలో బేసిక్ 12,000 అయితే ఎనిమిదేళ్లకు 78,000 వస్తుంది. బేసిక్ 18,000 అయితే 1,17,000. నేను మొదటి రకం కాగితం మీద సంతకం చేసి ఎనిమిదేళ్లు చేశాను. డెలివరీ గారు చెప్పినట్టే ఇక్కడా జీతం మోసే బరువును బట్టి ఉంటుంది: ఆలస్యానికి జరిమానా ఉన్న కాంట్రాక్టులో, గడువు పొడిగింపు క్లెయిమ్‌ను కాగితాలతో సహా నిలబెట్టగల మేనేజరుకు ఉన్న ధర మామూలు సైట్ మేనేజరుకు ఉండదు.

ప్రశ్నించినవారి జవాబు: మియాపూర్_పీఎం

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. అనెక్షర్ ముందు పెట్టుకుని జీతాల లెక్క గారు చెప్పినట్టే లెక్కవేశాను. నా బీమా ప్రీమియం కొంచెం ఎక్కువ, మిగతావి దాదాపు అవే అంకెలు. హెచ్‌ఆర్‌తో రెండుసార్లు మాట్లాడాను. సీటీసీ మార్చలేదు కానీ వేరియబుల్‌ను ఇరవై నుంచి పదిహేను శాతానికి తగ్గించారు. అంటే ఫిక్స్‌డ్ 35,70,000 అయింది, నా ఇప్పటి ఫిక్స్‌డ్ మీద పదహారున్నర శాతం పైచిలుకు. బ్యాండు అంకెలు చెప్పలేదు, "మధ్యకు కొంచెం కింద" అని మాత్రం అన్నారు. తిరిగి ఇవ్వాల్సి వస్తే బోనస్‌లో పన్ను పోగా చేతికొచ్చిన మొత్తమే అన్న వాక్యం కూడా లెటర్‌లో చేర్చారు.

సోమవారం రాజీనామా ఇచ్చాను. మంగళవారం మధ్యాహ్నం మా డెలివరీ హెడ్ పిలిచి 40 లక్షలు ఇప్పిస్తానన్నారు. పదకొండేళ్లలో ఆ అంకె ఆయన నోట మొదటిసారి విన్నాను. వద్దని చెప్పి వచ్చి, హ్యాండోవర్ షీటు మొదలుపెట్టాను.