ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉన్నాయి, పిడుదుల మందు ఇద్దరికీ ఒకటే వేయొచ్చా?

బన్నీ_బెజవాడ
అందరికీ నమస్కారం. మాది విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్, పాత ఇల్లు. లాబ్రడార్ పేరు బన్నీ, పిల్లి పేరు చిట్టి. ఉగాది దాటాక పిడుదులు మొదలయ్యాయి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద ఎక్కడ చూసినా అవే. పొద్దున్న ఏరి పారేస్తే సాయంత్రానికి మళ్లీ రెడీ. మందుల షాపులో మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చారు, బన్నీకి వేశాం. ప్యాకెట్‌లో ఇంకో ట్యూబు ఉంది. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుంటారు కదా, చిట్టికీ రెండు చుక్కలు వేద్దామనుకుంటున్నా. ఎవరైనా వేశారా?

పిల్లులరాయుడు
వేయకండి! ముందు ప్యాకెట్ మీద పర్మెత్రిన్ అని ఉందేమో చూడండి.

బన్నీ_బెజవాడ
ఇమిడాక్లోప్రిడ్, పర్మెత్రిన్ అని రెండు పేర్లున్నాయి. ఏమవుతుంది?

పిల్లులరాయుడు
పిల్లికి అది విషం. కుక్క లివర్ ఆ మందును విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది, పిల్లి లివర్‌కు ఆ శక్తి లేదు. గంటల్లోనే చెవులు అదరడం, ఒళ్లు వణకడం, ఆ పైన ఫిట్స్. ప్రాణం పోయిన పిల్లులున్నాయి. చిట్టికి వేయకపోతే చాలదు, బన్నీ మెడను నాకినా ప్రమాదమే. మూడు రోజులు ఇద్దర్నీ వేరువేరుగా ఉంచండి. ఈలోగా చిట్టి వణికినట్టు అనిపిస్తే ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

బన్నీ_బెజవాడ
టెన్షన్ పెట్టేశారు సార్! చిట్టిని పై వాటాలో మా అత్తయ్య దగ్గర పెట్టేశా. ప్రస్తుతానికి బాగానే ఉంది, అత్తయ్యగారి మంచం ఎక్కి పడుకుంది.

సుజాత_కాకినాడ
ఇన్ని మందులెందుకండీ? కొబ్బరినూనెలో కర్పూరం పొడి చేసి రాయండి. మా పుట్టింట్లో అదే రాసేవాళ్లం.

పిల్లులరాయుడు
సుజాతగారూ, పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది. ఒంటి మీద ఏం రాసినా కడుపులోకి పోయినట్టే. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. వేపనూనె కూడా పిల్లికి వద్దు. ఫినాయిల్‌తో నేల తుడిచి, తడి ఆరకముందే దాన్ని వదిలినా అంతే, పాదాలు నాక్కుంటుంది. బీరువాలో కలరా ఉండలు కూడా దానికి అందకుండా చూసుకోవాలి.

సుజాత_కాకినాడ
కుక్కకైతే పర్లేదు కదా?

పిల్లులరాయుడు
కుక్క నాక్కోదా అండీ? కర్పూరం దానికీ మంచిది కాదు.

మూర్తి_మియాపూర్
అందరూ కుక్క గురించే మాట్లాడుతున్నారు, ఇల్లు సంగతి చూడండి ముందు. మన ఇళ్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు మూడు దశల్లో పెరుగుతుంది. ప్రతి దశలోనూ రక్తం తాగి కిందికి రాలిపోతుంది, గోడ పగుళ్లలో దాక్కుని కుబుసం విడిచి మళ్లీ కుక్క ఎక్కుతుంది. తాగి ఉబ్బిన ఆడపిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. ఏమీ తినకుండా నెలల తరబడి బతకగలదు కూడా. అందుకే మీరు పొద్దున్న ఏరినా సాయంత్రానికి మళ్లీ కనిపిస్తున్నాయి.

రాత్రి లైటు తీసేసి టార్చి పట్టుకుని చూడండి. గోడ మీద పైకి పాకుతూ కనిపిస్తాయి. మా ఇంట్లో ద్వారబంధానికీ గోడకీ మధ్య సందులో ఆవగింజల కన్నా చిన్నగా, గోధుమరంగులో ముద్దగా అంటుకుని ఉన్నాయి గుడ్లు. అగ్గిపెట్టెలో పట్టేంత ముద్ద అది. దాన్ని గీకి సబ్బునీళ్లలో వేసి, ఆ సందును వైట్ సిమెంటుతో పూడ్చేశాక కానీ మాకు తెరిపి రాలేదు. మంచం కోళ్ల అతుకులు, స్విచ్ బోర్డు వెనక, మెట్ల కింద కూడా చూడండి. కుక్క కింద గోనెసంచి వేసి ఉంటే పారేయండి. దుప్పట్లు సలసల కాగే నీళ్లలో నానబెట్టండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే మాత్రం ఇంట్లో పిల్లి ఉందని ముందే చెప్పండి, వాళ్లు కొట్టేవాటిలో కూడా చాలావరకు ఈ పర్మెత్రిన్ జాతి మందులే.

రైతుబిడ్డ_తెనాలి
మా ఊళ్లో గేదెలకు కొట్టే డెల్టామెత్రిన్‌ను నీళ్లలో కలిపి కుక్కలకూ పోస్తారు. ఎంత కలపాలో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అది కూడా ఆ జాతి మందే కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లోకి అసలు తేవద్దు. ఇక దొడ్లో పిడుదుల్ని కోళ్లే ఏరుకు తింటాయి. అపార్టుమెంట్లలో కోళ్లను పెంచనివ్వరు కదా, ఏం చేస్తాం!

రోజీ_వనస్థలిపురం
పిడుదును గోళ్లతో చిదమకండి. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. కిరసనాయిలు పోయడాలు, అగరుబత్తితో కాల్చడాలు వద్దే వద్దు.

దురద ఒక్కటే అయితే ఇంత భయపడక్కర్లేదు, అసలు భయం పిడుదు కాటు వల్ల వచ్చే టిక్ ఫీవర్ గురించి. మా కుక్క రోజీ పెరుగన్నం గిన్నె ముందు పెట్టినా మొహం తిప్పేసుకుంది. మర్నాడు ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, ఎర్లీకియా అనే టిక్ ఫీవర్ అన్నారు. డాక్సీసైక్లిన్ ఇచ్చారు. నాలుగు వారాలు వాడాలి. తినడం మొదలెట్టగానే తగ్గిపోయిందని ఆపేస్తే తిరగబెడుతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే బబేసియా కావచ్చు, అదీ పిడుదుల వల్ల వచ్చేదే, దానికి మందు వేరు. చిగుళ్లు రోజూ చూస్తుండండి, తెల్లగా పాలిపోతే ఆగకండి.

బన్నీ_బెజవాడ
ఇద్దర్నీ డాక్టరుగారికి చూపించాం. బన్నీకి జ్వరం లేదు, రక్తపరీక్ష బాగానే ఉంది. చిట్టిని తూకం వేసి, పిల్లుల కోసమే తయారైన ఫిప్రోనిల్ చుక్కలు వేశారు, మెడ వెనక నాలుక అందని చోట. బన్నీకి ఇక చుక్కలు వద్దని, ఈసారి నుంచి ఫ్లురలానర్ మాత్ర అన్నారు. ఒకటి వేస్తే దాదాపు మూడు నెలలు పనిచేస్తుందట, పిల్లి నాకినా భయం లేదు. ధర మాత్రం గట్టిగానే ఉంది.

రోజీ_వనస్థలిపురం
బన్నీకి గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్ర వేసేముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఆ రకం మాత్రలతో కొన్ని కుక్కల్లో ఫిట్స్ రావచ్చు.

బన్నీ_బెజవాడ
ఎప్పుడూ రాలేదండి. స్నానం ఎప్పుడు చేయించొచ్చు? కంపు కొడుతున్నాడు.

పిల్లులరాయుడు
చుక్కలు వేశాక కనీసం రెండు రోజులు ఆగాలి. మాత్రకు ఆ పట్టింపు లేదు, కానీ ఖాళీ కడుపున వేయకండి, అన్నంతో పాటే పెట్టండి. చిట్టికి మాత్రం స్నానం జోలికి పోకండి, దాని పని అదే చూసుకుంటుంది.