హార్బర్ ఫోటోలు బీచ్ రోడ్డులో పెడితే తప్పేంటి?

లెన్స్_మామ: 2023 నవంబర్‌లో మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి, ఊరు కొన్నాళ్ళు అయ్యో అని మర్చిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఆ మాట ఎత్తుతున్నారంటే బీచ్ రోడ్డు ఎగ్జిబిషన్‌లో పెట్టిన ఆ ఫోటోల వల్లే. 1984లో భోపాల్‌లో గ్యాస్ లీకైనప్పుడు మట్టిలో పూడ్చుతున్న ఆ పసిబిడ్డ ఫోటోని చూసినవాడు ఎవడైనా మర్చిపోయాడా?

పేట_కుర్రోడు: కాలిన బోటు ముందు కూర్చున్న ముసలమ్మ ఫోటో కింద 'మత్స్యకార మహిళ' అని రాశారు. ఆవిడకి పేరు లేదా?

ఉక్కునగరం: అసలు నలుపు తెలుపు ఎందుకండీ? మంట రంగే పోయింది.

లెన్స్_మామ: పేరు రాస్తే ప్రైవసీ అంటారు, రాయకపోతే ఇలా.

పేట_కుర్రోడు: రాయాలా వద్దా అని ఆవిడనే అడగొచ్చుగా. మా పిన్ని గంప నెత్తిన పెట్టుకుని హార్బర్ గేటు దాటుతుంటే ఎవడో ఫోటో తీశాడు. పెళ్ళి భోజనానికని ఒక హోటల్‌కి వెళ్తే అక్కడ గోడంత సైజులో మా పిన్ని! జాకెట్టు చిరిగిన చోట పెట్టుకున్న పిన్నీసు కూడా కనిపిస్తోంది. డబ్బులివ్వలేదని కాదు ఆవిడ బాధ, ఆ పిన్నీసు గురించే.

గాజువాక_రాణి: 1936లో అమెరికాలో డొరోథియా లాంగ్ తీసిన వలస తల్లి ఫోటోదీ ఇదే కథ. పేపర్లో చూసి ప్రభుత్వం ఆవిడ ఉన్న వలస కూలీల శిబిరానికి టన్నులకొద్దీ తిండి పంపింది, అప్పటికే ఆ తల్లి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పేరు జనానికి తెలిసింది 1978లో.

లెన్స్_మామ: మిగతావాళ్ళ కడుపు నిండింది కదమ్మా, అది వదిలేస్తావేం? పిన్నీసు పిన్నీసుకీ పర్మిషన్ అంటే 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకైనప్పుడు వెంకటాపురం రోడ్ల మీద పడిపోయినవాళ్ళని ఎవడు తీస్తాడు? స్పృహ లేనివాళ్ళని లేపి అడగాలా?

పేట_కుర్రోడు: వాళ్ళ సంగతి వేరు. మా పిన్నికి స్పృహ ఉంది, నోరూ ఉంది. ఆ నోటి సంగతి హార్బర్‌లో ఎవర్నడిగినా చెప్తారు.

లెన్స్_మామ: సరే బాబూ, అందర్నీ ఎగ్జిబిషన్‌కి తీసుకురా. ఎంట్రీ ఫ్రీ.

పేట_కుర్రోడు: మీరు మాట్లాడుకుంటూ ఉంటే మేం గోడ మీద వేలాడాలా? తెచ్చి మా పేటలో పెట్టండి.

లెన్స్_మామ: పేటలో పెడితే ఎవరు చూస్తారయ్యా?

గాజువాక_రాణి: మామగారూ, ఇప్పుడు మీరు రాసింది ఒకసారి మీరే చదువుకోండి.

పేట_కుర్రోడు: ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడు బయటపడింది. మేం చూస్తాం మామా. ఏ బోటు ఎవరిదో, ఎవరికి ఇన్సూరెన్స్ లేదో ఫోటోల కింద మేమే రాస్తాం. పొద్దున వేలం అయ్యాక రండి, ముందే వస్తే మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.