మాచర్ల అవతల టవర్ పని, 108 వచ్చేలోపు మనం ఏం చెయ్యాలి?

ప్రశ్న (విజయవాడ, సబ్ కాంట్రాక్టర్):
అందరికీ నమస్తే. కరెంటు టవర్లకి ఫౌండేషన్లు వేసే పని మాది. వచ్చే నెల నుంచి మాచర్ల దాటాక వెల్దుర్తి వైపు అడవి పక్కన పని మొదలవుతుంది. పద్దెనిమిది మంది కుర్రాళ్ళు, సగం శ్రీకాకుళం సగం ఒరిస్సా, అక్కడే రేకుల షెడ్డు వేసుకుని కింద పట్టాలు పరుచుకుని పడుకుంటారు. తారు రోడ్డుకి రావాలంటే ఐదారు కిలోమీటర్లు మట్టి దారి, ఫోన్ సిగ్నల్ గుట్ట ఎక్కితే తప్ప రాదు. కంపెనీ వాళ్ళు ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఇచ్చారు, తెరిచి చూస్తే బ్యాండ్ ఎయిడ్లు, దూది, డెట్టాల్ సీసా, అంతే. ఇంకా ఏమేం పెట్టుకోవాలో చెప్పండి. పాము కాటు ఇంజెక్షన్ కూడా కొని ఉంచుకోవచ్చా?

జవాబు (గుంటూరు, సైట్ ఇంజనీర్):
అన్నా, బాక్స్ తర్వాత చూద్దాం, ముందు బండి సంగతి చూసుకోండి. ఆ ఐదారు కిలోమీటర్లు దాటించేది బండే గానీ బాక్స్ కాదు. రాత్రిపూట ఒక బొలెరో అయినా సైట్‌లోనే ఉండాలి, మూతి రోడ్డు వైపు తిప్పి పెట్టాలి, డీజిల్ సగం కంటే తగ్గకూడదు, తాళం షెడ్డులో మేకుకి వేలాడాలి, డ్రైవర్ జేబులో కాదు. బండి నడపడం వచ్చినవాళ్ళు ఇంకో ఇద్దరు ఉండేలా చూడండి, ఆ రోజు పడిపోయింది డ్రైవరే అయితే ఏం చేస్తారు?

సిగ్నల్ వచ్చే చోట రాయికి సున్నం పూయించండి, చీకట్లో టార్చ్ వేసినా కనపడాలి. 108కి ఫోన్ చేసి ఫలానా టవర్ నంబర్ అంటే వాళ్ళకేం అర్థం కాదు, మట్టి దారి తారు రోడ్డుని కలిసే చోటు, దగ్గర ఊరి పేరు, అక్కడి గుడో బడో చెప్పాలి, మనం బయల్దేరి ఆ మలుపు దగ్గరికే వస్తున్నాం అని కూడా చెప్పాలి, లేకపోతే వాళ్ళు ఒక దారిన మనం ఒక దారిన పోతాం. ముందే ఒకడిని బైక్ మీద మలుపు దగ్గరికి పంపించెయ్యండి. ఇదంతా పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి షెడ్డు తలుపుకి అంటించండి, కంగారులో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

జవాబు (గుంటూరు, స్టాఫ్ నర్స్):
పాము ఇంజెక్షన్ సైట్‌లో వద్దండి. అది మొదలుపెట్టడమే ఎనిమిది నుంచి పది వయల్స్, సెలైన్‌లో కలిపి ఎక్కించాలి, కొంతమందికి రియాక్షన్ వచ్చి బీపీ పడిపోతుంది, దానికి వెంటనే ఇంకో ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు పక్కనే ఉండాలి. గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఫ్రీగానే వేస్తారు. మీరు పని మొదలవకముందే దగ్గర పీహెచ్‌సీకీ మాచర్ల గవర్నమెంట్ ఆసుపత్రికీ స్వయంగా వెళ్ళి స్టాక్ ఉందా, రాత్రి డ్యూటీ డాక్టర్ ఉంటారా అని అడిగి రండి. గుంటూరు పెద్దాసుపత్రి అక్కడికి వంద కిలోమీటర్ల పైనే, నేరుగా అక్కడికే తీసుకొద్దాం అనుకోకండి, మొదటి డోసు దగ్గర్లో పడాలి.

నాకు ఎక్కువ భయం వేసింది కింద పడుకుంటారు అన్న మాటకి. కట్లపాము రాత్రిళ్ళే వస్తుంది, నిద్రలో కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లారేసరికి మనిషి కడుపు నొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు, రాత్రి తాగిందేదో పడలేదులే అని పక్కవాళ్ళు వదిలేస్తారు. అలాంటప్పుడు పైకి చూడమనండి. నుదురు ముడతలు పడుతుంది గానీ రెప్పలు లేవవు, మత్తుగా ఉన్నట్టు సగానికే ఆగిపోతాయి. మాట ముద్దగా వస్తుంది, ఉమ్ము మింగలేడు. ఇది చూశాక ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, దార్లో ఊపిరి ఆగిపోతే నోట్లో నోరు పెట్టి ఊదుతూనే తీసుకెళ్ళాలి. మీరు బాక్స్ మీద పెట్టే డబ్బుతో పద్దెనిమిది మడత మంచాలు, దోమతెరలు కొనండి, తెర అంచులు పరుపు కిందికి దోపుకోమనండి. బియ్యం బస్తాలు పడుకునే చోట ఉంచితే ఎలుకలొస్తాయి, వాటి వెనకే పాము వస్తుంది.

జవాబు (సత్తెనపల్లి):
మా వైపు అయితే కాటు పైన తాడుతో గట్టిగా బిగించి, బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండేవాళ్ళు, పసరు మందు కూడా పోస్తారు. అది చేసి తీసుకెళ్తే మంచిది కదా మేడమ్?

జవాబు (స్టాఫ్ నర్స్):
వద్దు బాబాయ్ గారూ, దయచేసి అది ఎవరికీ చెప్పకండి. బిగిస్తే కింద భాగానికి రక్తం ఆడక కాలు పాడవుతుంది. రక్తపింజర కాటుకి అసలే రక్తం గడ్డకట్టదు, మీరు బ్లేడు పెడితే ఆగకుండా కారుతుంది. పసరుకి తిరిగేలోపు టైమ్ అయిపోతుంది. ఉంగరం, వాచీ, మొలతాడు తీసెయ్యండి, మనిషిని నడిపించకండి, కాలు విరిగినవాడికి కట్టినట్టు సెంట్రింగ్ కర్ర ఒకటి పెట్టి తువ్వాలుతో వదులుగా కట్టి మంచంతో సహా మోసి బండెక్కించండి. ఎవరైనా అప్పటికే తాడు బిగించేసి ఉంటే దార్లో విప్పకండి, డాక్టర్ చూసుకుంటారు. పాముని చంపి తీసుకురానక్కర్లేదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే మందు. ఎన్నింటికి కరిచిందో మాత్రం గుర్తుపెట్టుకోండి.

జవాబు (విజయవాడ, ఎలక్ట్రికల్ పని):
ఇంకో రెండు మాటలు. షెడ్డులో మామూలు కరెంటు కొడితే ముందు స్విచ్ ఆపాలి, కుదరకపోతే ఎండు కర్రతో నెట్టాలి. లెవెన్ కేవీ తీగ తెగి పడితే మాత్రం కర్ర కూడా పనికిరాదు, దగ్గరికే పోవద్దు, 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించాకే ముట్టుకోండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కాలి. ఇది చదివితే రాదు, ఒక్కసారన్నా ఎవరిచేతనైనా బొమ్మ మీద నేర్పించండి.

ఎండ సంగతి కూడా చూసుకోండి, మీ పక్కనే రెంటచింతల, వేసవిలో ప్రతి ఏడూ పేపర్లో ఆ ఊరి పేరే. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే వడదెబ్బ తలకెక్కినట్టే, నీడకి చేర్చి చొక్కా తీసి ఒళ్ళంతా తడిపి విసరాలి, స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లే కొనండి, పెద్ద ప్యాకెట్ అయితే ఒకటి లీటరు నీళ్ళలో. ఆ పేరుతో డబ్బాల్లో అమ్మే తీపి నీళ్ళు వేరు, ఆ పేరు వాడొద్దని తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆర్డర్ కూడా ఇచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ, నర్స్ గారికి మరీ మరీ. మంచాలు రేపే ఆర్డర్ ఇస్తున్నా. బాక్స్‌లోకి ఏం కొనాలో కూడా ఒక్క మాట చెప్పండి. ఒరిస్సా కుర్రాళ్ళకి తెలుగు రాదు, వాళ్ళకి ఇదంతా ఎలా చెప్పాలి?

జవాబు (సైట్ ఇంజనీర్):
బాక్స్‌లోకి గాజుగుడ్డ ప్యాడ్లు ఎక్కువ, పెద్ద రోలర్ బ్యాండేజీలు, కత్తెర, గ్లౌజులు, ఓఆర్ఎస్, రెండు టార్చ్‌లు. దూది పుండు మీద నేరుగా పెట్టకండి, అంటుకుపోతుంది. రక్తం కారితే గుడ్డ పెట్టి పది నిమిషాలు ఎత్తి చూడకుండా నొక్కి పట్టుకోవాలి, కాఫీ పొడి, పసుపు వెయ్యొద్దు. ఒరిస్సా వాళ్ళకి మీ మేస్త్రీ చేత ఒడియాలో వాయిస్ రికార్డ్ చేయించి అందరి ఫోన్లలో వేయించండి, తలుపు మీద కాగితం కూడా రెండు భాషల్లో రాయించండి. మొదటి వారంలోనే ఒక రాత్రి చెప్పకుండా లేపి ఒకడిని మంచంతో మోయించి బండిని మలుపు దాకా నడిపించి టైమ్ చూసుకోండి, ఎక్కడ ఆలస్యం అవుతుందో అప్పుడే తెలిసిపోతుంది.