‘మనుష్యకుమారుడు’ అనే బిరుదును యువతకు ఎలా వివరించాలి?

అందరికీ వందనాలు. మా సంఘంలో యువతకు మార్కు సువార్త బోధిస్తున్నాను. యేసు తనను ‘మనుష్యకుమారుడు’ అని పదే పదే చెప్పుకోవడం దగ్గర ఆగిపోయాం. పాత నిబంధనలో యెహెజ్కేలు ప్రవక్తను దేవుడు అదే అర్థంతో ‘నరపుత్రుడా’ అని పిలిచినప్పుడు అది మామూలు మానవుణ్ణే గుర్తుచేస్తుంది. దానియేలు ప్రవక్త దర్శనంలో (దానియేలు 7:13) మాత్రం మనుష్యకుమారుని పోలి, ఆకాశమేఘాలతో వచ్చి శాశ్వత ప్రభుత్వం పొందేవాడు కనిపిస్తాడు. మార్కు 14:62లో యేసు ఆ మేఘాల మాట ఎత్తగానే ప్రధానయాజకుడు బట్టలు చింపుకున్నాడు కదా, కాబట్టి అక్కడ యేసు ఉద్దేశించింది దానియేలు దర్శనాన్నే అని నా నమ్మకం. మరి మనుష్యకుమారునికి తలవాల్చుకునే చోటైనా లేదని యేసు చెప్పిన మత్తయి 8:20ను దీనితో ఎలా కలపాలి? పౌలు తన పత్రికల్లో ఈ బిరుదును ఎందుకు వాడలేదు? ‘ఆయన మానవత్వానికి గుర్తు’ అనే జవాబు మా పిల్లలే చెప్పేస్తున్నారు, దయచేసి అంతకంటే లోతుగా చెప్పండి.