కోల్మన్‌స్కోప్ ఇళ్లలో ఇసుక ఎత్తిపోయాలా, వదిలేయాలా?

ఇసుకమేట: నమీబియాలో లూడెరిట్జ్‌కి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న వజ్రాల ఊరిది. 1956కల్లా ఖాళీ అయిపోయింది. మొన్న చూసొచ్చాను, నలభై ఫొటోలు పెట్టాను. ఒక గదిలో తలుపు సగం దాకా ఇసుకలో కూరుకుపోయింది, తెరవడానికీ లేదు, మూయడానికీ లేదు. కొన్ని భవనాలకి ఇసుక తీసేసి బాగుచేశారట. అదే నాకు నచ్చలేదు. ఎడారి ఇచ్చింది, ఎడారే తీసుకుంటోంది. వదిలేయండి.

పాతమేకు: కవిత్వం బాగుంది. కాలిఫోర్నియాలో బోడీ ఉంది, బంగారు గనుల ఊరు. అక్కడ కప్పులు కూలకుండా చూస్తారు తప్ప కొత్తగా మార్చరు. లోపల సామాను ఎక్కడిదక్కడే. అలా చేయొచ్చుగా?

ఇసుకమేట: బోడీలో గదుల్లోకి ఇసుక రాదండీ. పోలికే తప్పు.

మూడోమెట్టు: వదిలేయండి అనేవాళ్లకి ఒక మాట. ఇలాంటిదే వేరే ఊళ్లో చెక్క నేల విరిగి కాలు మోకాలి దాకా దిగిపోయింది. గైడు చెయ్యందించాల్సింది పోయి పదిమంది ముందు నన్నే తిట్టాడు!

ఇసుకమేట: పాపం. దానికీ దీనికీ సంబంధమేంటి?

మూడోమెట్టు: మీ కాలు విరిగితే తెలుస్తుంది సంబంధం.

చిట్టిరాయి: కొన్నిచోట్ల 1954 అని ఉంది. 1956 కరెక్టేనా?

పాతమేకు: ఆ రెండేళ్లు పక్కన పెట్టండి. "ఎడారి ఇచ్చింది" అన్నారే, నమీబియా జర్మన్ల వలసగా ఉన్న 1908లో రైలు పట్టాల మీద ఇసుక ఎత్తిపోస్తున్న జకరియాస్ లెవాలా అనే కూలీకి దొరికింది మొదటి వజ్రం. పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్ చేతిలో పెట్టాడు. కోట్లు ఎవరికొచ్చాయో వేరే చెప్పాలా? ఆ ఊళ్లో జర్మన్ల ఇళ్లకి రోజూ ఐసు దిమ్మలు వెళ్లేవి. ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషన్‌తో కూలీలు వజ్రాలు మింగారేమోనని కూడా చూసేవాళ్లు. మీరు పెట్టిన నలభై ఫొటోల్లో డాన్స్ హాలుంది, మేనేజరు ఇంటి మెట్లున్నాయి. ఉత్తరాది నుంచి వచ్చిన ఓవాంబో తెగ కూలీలు పడుకున్న బస ఒక్కటైనా ఉందా?

ఇసుకమేట: ఫొటోలు తీసినంత మాత్రాన నన్ను దోషిని చేస్తున్నారు!

పాతమేకు: మిమ్మల్ని కాదండీ. ఇసుక అందంగా ఉందంటూ మనం చూడ్డం మానేసినదాని గురించి అంటున్నా. లూడెరిట్జ్‌లోనే షార్క్ ఐలండ్ ఉంది. 1905-07లో జర్మన్లు హెరెరో, నామా అనే స్థానిక తెగల జనాన్ని బంధించిన శిబిరం అక్కడే. వజ్రం దొరికింది ఆ మరుసటి ఏడాదే. ఇసుక తీయమంటున్నది గోడల కోసం కాదు, కింద ఎవరున్నారో కనపడాలని.

ఇసుకమేట: బస వైపు వెళ్లలేదు. ఎక్కడుందని అడగనూ లేదు, ఒప్పుకుంటా. ఇసుక సంగతి మాత్రం నా మాట మారదు.

చిట్టిరాయి: 1956 అనే రాసుకుంటున్నా అయితే.