పార్టీకి ఎదురు ఓటేసేవాళ్ళకి పార్టీ డబ్బులెందుకు?

జెర్సీ మావయ్య:
నెలనెలా నా కార్డులోంచి 25 డాలర్లు డెమొక్రాట్ల హౌస్ ఎన్నికల కమిటీకి పోతాయి. ఇక్కడ దాన్ని డీ-ట్రిపుల్-సీ అంటారు. ప్రతినిధుల సభకి పోటీచేసే తమవాళ్ళకి డబ్బు, ప్రకటనలు, సర్వేలు అన్నీ చూసేది అదే. సిటిజన్‌షిప్ వచ్చిన ఉత్సాహంలో మొదలుపెట్టి, ఆపడం మర్చిపోయాను. మొన్న స్టేట్‌మెంట్ చూస్తుంటే జెఫ్ వాన్ డ్రూ గుర్తొచ్చాడు. 2018లో మా న్యూజెర్సీ దక్షిణ కొసన, రెండో నియోజకవర్గంలో ఆయన వెనక నిలబడింది ఈ కమిటీయే. 2019 డిసెంబరు 18న ట్రంప్ అభిశంసన మీద ఓటింగు జరిగితే రెండు ఆరోపణలకీ నో కొట్టాడు. మర్నాడు వైట్‌హౌస్‌లో ట్రంప్ పక్కన కూర్చుని రిపబ్లికన్ అయిపోయాడు. పైగా 2020లో డెమొక్రాట్ అభ్యర్థి ఏమీ కెనడీని ఓడించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా?

పెద్ద ఓట్లలో పార్టీని కాదన్నవాడికి పార్టీ పైసా ఇవ్వకూడదని నా వాదన. వాడు సొంతంగా పోటీచేసుకోవచ్చు, ఎవరూ వద్దనరు. నా డబ్బుతో వద్దు, అంతే.

పాత కాగితం:
మావయ్యగారూ, ఆ రోజు రెండింటికీ నో చెప్పిన డెమొక్రాట్లు ఇద్దరు. రెండో ఆయన పేరు మీరు ఎత్తలేదు. కాలిన్ పీటర్సన్, మిన్నెసోటా ఏడో నియోజకవర్గం. అంతా పొలాలు, చెరకు దుంపలు, సోయా. 1991 నుంచీ అక్కడ ఆయనే. ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి కూడా నో చెప్పాడు. 2010 మార్చిలో ఆ బిల్లు 219-212తో గట్టెక్కినప్పుడు ఎదురు తిరిగిన డెమొక్రాట్లు 34 మంది, అందులో ఈయనొకడు. మీ లెక్క ప్రకారం అప్పుడే డబ్బు ఆపెయ్యాలి.

ఆపేస్తే ఏమయ్యేది? 2016లో ట్రంప్ ఆ నియోజకవర్గంలో దాదాపు 30 పాయింట్ల తేడాతో గెలిచాడు. అదే బ్యాలెట్ మీద పీటర్సనూ గెలిచాడు. అలాంటి చోట డెమొక్రాట్ గెలవడమే ఒక వింత. 2020లో ఆయన మిషెల్ ఫిష్‌బాక్ చేతిలో ఓడిపోయాక ఆ పార్టీ మళ్ళీ ఆ దరిదాపులకి రాలేదు. ఏ బిల్లు సభ ముందుకి రావాలి, ఏ కమిటీకి ఎవరు ఛైర్మన్ అన్నది మెజారిటీ ఎవరిదో దాన్ని బట్టి ఉంటుంది. ఆ తలల లెక్కలో పీటర్సన్ తల కూడా ఒకటే. గుడ్డికన్నా మెల్ల మేలు కాదా?

ఇంకో చిన్న సంగతి. కమిటీ అభ్యర్థి చేతికి నేరుగా ఇచ్చేది ఎన్నికకి 5,000 డాలర్లకి మించదు, చట్టమే అంత. అసలు ఖర్చంతా కమిటీ సొంతంగా వేసే టీవీ ప్రకటనలది. వాటిలో ఎక్కువ భాగం ఎదుటి అభ్యర్థిని తిట్టడానికే పోతుంది. కాబట్టి మీ 25 డాలర్లు వాన్ డ్రూకి ఇచ్చారనే కన్నా, ఆయన ప్రత్యర్థిని తిట్టడానికి ఇచ్చారనుకోండి, కాస్త మనశ్శాంతి.

నెల్లూరు సన్నాలు:
మన దగ్గర ఈ తలనొప్పే లేదు. 1985లో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం, వచ్చాక విప్ ధిక్కరించి ఓటేస్తే, పదిహేను రోజుల్లో పార్టీ క్షమించకపోతే, సీటే పోతుంది. ఇక ఎలక్షన్ ఖర్చు మాట ఎక్కడిది? అమెరికాలో వాన్ డ్రూ అర్ధరాత్రి కండువా మార్చినా సీటు పదిలం.

పాత కాగితం:
అన్నా, నువ్వు నెల్లూరువాడివై ఉండి 2023 మార్చి మర్చిపోయావా? ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనూరాధ 23 ఓట్లతో గెలిస్తే, క్రాస్ ఓటింగ్ చేశారని వైసీపీ నలుగురిని సస్పెండ్ చేసింది. అందులో ఇద్దరు, ఆనం, కోటంరెడ్డి, 2024లో టీడీపీ టికెట్ మీద మీ జిల్లాలోనే గెలిచారు. ఒక పార్టీ తలుపేస్తే పక్క పార్టీ తలుపు తీస్తుంది. చట్టం ఉన్నచోటా అదే కథ.

నెల్లూరు సన్నాలు:
సరే, ఒప్పుకున్నా. కానీ అది అభ్యర్థిని ఎన్నుకునే ఓటు, బిల్లు మీద ఓటు కాదు.

ఎర్రమట్టి:
మీరంతా నవంబరు ఎన్నిక గురించే మాట్లాడుతున్నారు. అసలు గొడవ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ముందు ఎన్నికలో ఉంది. నేనుండేది శాన్ ఆంటోనియో. హెచ్-1బీ గాణ్ణి, నాకు ఓటూ లేదు, చందా ఇచ్చే హక్కూ లేదు. టీవీ ప్రకటనలు మాత్రం నాకూ వేశారు.

2021 సెప్టెంబరులో గర్భస్రావ హక్కుల బిల్లు సభకి వస్తే డెమొక్రాట్లలో వద్దన్నది ఒక్కడే, మా హెన్రీ క్వేయార్. 2022 ప్రైమరీలో జెస్సికా సిస్నెరోస్ అనే లాయరమ్మాయి ఆయన మీద పోటీ చేసింది. మే నెల మొదట్లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కునిచ్చిన పాత రో తీర్పుని కొట్టేయబోతోందని ముసాయిదా బయటికొచ్చింది. దేశమంతా ఊగిపోతుంటే, ఆ రెండు రోజుల్లోనే సభలో డెమొక్రాట్ల పెద్ద నాయకుల్లో ఒకడైన క్లైబర్న్ మా ఊరొచ్చి క్వేయార్‌కి ప్రచారం చేశాడు. అప్పటి స్పీకర్ పెలోసీ మద్దతూ ఆయనకే. మే 24న రన్ఆఫ్ (మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోటీ), మళ్ళీ లెక్కింపు, చివరికి తేడా 289 ఓట్లు. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో అంతకంటే ఎక్కువమందే ఉంటారు.

అక్కడ ఎదురుగా ఉన్నది రిపబ్లికన్ కాదు, సొంత పార్టీ పిల్ల. మెజారిటీ లెక్క అక్కడ ఎలా పనికొస్తుంది పాత కాగితం గారూ?

జెర్సీ మావయ్య:
అబ్బాయ్, సరిగ్గా పట్టుకున్నావు. 2019లో ఈ కమిటీ ఇంకో పని చేసింది. ఇప్పటికే సీట్లో ఉన్న సొంత పార్టీ మెంబరు మీద ప్రైమరీలో పోటీ చేసేవాళ్ళకి పనిచేసే సర్వే కంపెనీలకి, ప్రచార సంస్థలకి మేం కాంట్రాక్టులివ్వం అంది. అప్పుడు న్యూయార్క్ డెమొక్రాట్ మెంబరు ఒకాసియో-కోర్టెజ్ కమిటీకి చందాలాపి అభ్యర్థులకే నేరుగా ఇవ్వండని తన మద్దతుదారులకి చెప్పింది. మెంబర్లంతా కమిటీకి కట్టాల్సిన వాటా కూడా తను కట్టనంది. రెండేళ్ళకి, 2021లో, ఆ రూలు తీసేశారు. నాకప్పుడే బుద్ధి రావలసింది.

ఫీనిక్స్ ఎండ:
మా అరిజోనా సంగతి చెప్తా. డెమొక్రాట్ సెనేటర్‌గా ఉన్న కిర్‌స్టెన్ సినెమా 2021లో కనీస వేతనం 15 డాలర్ల మీద బొటనవేలు కిందికి చూపించి నో చెప్పింది. 2022 జనవరిలో ఓటుహక్కు బిల్లు కోసం ఫిలిబస్టర్ రూలు (సెనేట్‌లో చాలా బిల్లులకి వందలో 60 ఓట్లు కావాలనేది) మార్చనంటే రాష్ట్ర పార్టీ ఆవిణ్ణి తప్పుపడుతూ తీర్మానం చేసింది. ఏడాది తిరక్కుండా ఇండిపెండెంట్ అయింది. అందరూ సీటు పోయిందన్నారు. 2024లో అరిజోనా ట్రంప్‌కి పడింది, సెనేట్ సీటు మాత్రం డెమొక్రాట్ రూబెన్ గాయేగో గెలిచాడు. అంటే సినెమా లేకపోతే గతి లేదన్నది ఉత్త మాట.

వెస్ట్ వర్జీనియాలో డెమొక్రాట్ సెనేటర్‌గా గెలిచిన మాన్చిన్ అలా కాదు. 2020లో ట్రంప్‌కి 68 శాతం దాటి పడిన రాష్ట్రం. ఆయన 2024లో పోటీ మానేశాడు, సీటు రిపబ్లికన్ జిమ్ జస్టిస్‌కి వెళ్ళిపోయింది. ఆయన ఎంత విసిగించినా 50-50గా చీలిన సెనేట్‌లో డెమొక్రాట్ షూమర్ మెజారిటీ నాయకుడయ్యాడంటే ఆ ఓటు వల్లే. 2022 ఆగస్టులో వాతావరణ బిల్లు అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో 51-50గా పాసైందంటే అందులో మాన్చిన్ ఓటు ఉంది.

అందుకే నేను మనిషి ఎలా ఓటేశాడని ముందు అడగను. ఆ సీటులో ఇంకెవరైనా గెలుస్తారా అని అడుగుతాను. గెలిచే వీలుంటే పార్టీ పక్కకి తప్పుకుని ప్రైమరీలో జనాన్ని తేల్చుకోనివ్వాలి. లేకపోతే పళ్ళు బిగపట్టి డబ్బిచ్చుకోవాలి.

పాత కాగితం:
ఫీనిక్స్ గారి మాటతో నాకు పేచీ లేదు, కానీ "గెలిచే వీలుందా" అని ముందే చెప్పేదెవరు? ఎర్రమట్టి గారి క్వేయార్‌నే తీసుకోండి. 2020లో ఆ నియోజకవర్గం బైడెన్‌ది, కాబట్టి 2022లో సిస్నెరోస్ గెలిచేదనే నేనూ అనుకున్నాను. 2024లో అక్కడ ట్రంప్‌కి మెజారిటీ వచ్చింది, క్వేయార్ మళ్ళీ గెలిచాడు. ఆ అమ్మాయి ఉండి ఉంటే? మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఎర్రమట్టి:
చెప్పలేం కాబట్టే ఆ 289 ఓట్లు మా ఊరివాళ్ళకి వదిలెయ్యాల్సింది. వాషింగ్టన్ నుంచి విమానమెక్కి రావాల్సిన పనేంటి?

జెర్సీ మావయ్య:
పొద్దున్నే కార్డు ఆపేశాను. పీటర్సన్ సంగతి నాకు నిజంగా తెలీదు, అది విన్నాక కొంచెం వెనకాడాను కూడా. ఇకనుంచి ఆ 25 డాలర్లు ప్రైమరీ అయ్యాక, అభ్యర్థి పేరు చూసి, నేరుగా పంపుతా. వెస్ట్ వర్జీనియా లాంటి చోట పార్టీతో సగం ఓట్లలో విభేదించేవాడు నిలబడితే వాడికీ పంపుతానేమో. వాన్ డ్రూ లాంటివాణ్ణి ముందే ఎలా గుర్తుపట్టాలో మాత్రం మీరెవరూ చెప్పలేదు.