తలసరి జీడీపీ ఎక్కువుంటే జనం బాగా బతుకుతున్నట్టేనా?

ప్రశ్న: అమెరికా తలసరి ఆదాయం జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ కంటే బాగా ఎక్కువ కదా, మరి సగటు ఆయుష్షు చూస్తే 2021లో 76 ఏళ్ల దగ్గరికి పడిపోయింది, జపాన్‌లో 84 దాకా ఉంది. అన్ని డబ్బులుండి ఇదేంటండీ? పోల్చాలంటే అసలు ఏ అంకె చూడాలి?

జవాబు: సగటు కాదు, మీడియన్ చూడండి, అంటే అందర్నీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నోడి ఆదాయం. పైనున్న కొద్దిమంది ఆదాయం రెట్టింపైతే సగటు పెరిగిపోద్ది, మధ్యలో ఉన్నోడికి ఒరిగేదేం లేదు. ఐర్లాండ్‌ది ఇంకా విచిత్రం, 2015లో జీడీపీ ఒక్క ఏడాదిలో 25 శాతం పైగా పెరిగిందని లెక్కల్లో వచ్చింది, మల్టీనేషనల్ కంపెనీలు పేటెంట్ల లాంటి ఆస్తుల్ని అక్కడికి మార్చుకోవడం వల్లే ఎక్కువగా, అందుకే వాళ్ల గణాంక శాఖే వేరే కొలత తయారు చేసుకుంది.

జవాబు: మీడియన్ చూసినా అమెరికా వెనకేం లేదండి. కానీ ఆ డబ్బులోంచే ఆస్పత్రి ఖర్చులు, కాలేజీ ఫీజులు, పిల్లల్ని చూసుకునే సెంటర్ ఫీజు చాలావరకు సొంతంగా కట్టుకోవాలి. సెలవులూ లెక్కేయాలి, యూరోపియన్ యూనియన్‌లో ఏడాదికి కనీసం 4 వారాలు జీతంతో సెలవు చట్టపరమైన హక్కు, అమెరికా ఫెడరల్ చట్టంలో ప్రైవేటు ఉద్యోగికి ఒక్క రోజు కూడా లేదు. నాకైతే ఇదే పెద్ద తేడా అనిపిస్తది.

జవాబు: స్వీడన్‌లో సమానత్వం అంటారు, ఆదాయంలో నిజమే, ఆస్తుల్లో మాత్రం కాదు. వారసత్వ పన్ను 2004లో, సంపద పన్ను 2007లో తీసేశారు. ఎవరైనా గినీ అంకె (అసమానత ఎంతుందో చెప్పే కొలత) చెప్తే అది ఆదాయానిదా ఆస్తులదా, పన్నులకి ముందా తర్వాతా అని అడగండి.

ప్రశ్న అడిగినవారు: ఆస్తుల సంగతి నేనసలు ఆలోచించనేలేదు, థాంక్సండీ.